నిమిషానికి ఏడు లీటర్లు

“ఆ కొస కుళాయికి ఆనించి గట్టిగా పట్టుకో. కదిపావంటే కొలత తప్పుతుంది” అన్నాడు మా ఆయన.

పట్టుకున్నాను. ఇంటి ముందు గోడకి, పూలకుండీల వెనకాల, మోకాలెత్తున ఉంటుంది ఆ కుళాయి. దాని మూతికి టేపు కొస ఆనించి నేను వంగి నిలబడితే, రెండో కొస పట్టుకుని మా ఆయన కారు చుట్టూ తిరిగాడు. డిక్కీ దాకా ఎంత, అవతలి చక్రాల దాకా ఎంత, కారు కడిగే మెషిన్ కొనబోతున్నాం, దాని పైపు మెలిక పడకుండా రావాలంటే ఇంకెంత. కొలిచిన ప్రతిసారీ ఫోన్లో ఎక్కించుకుంటూ, మళ్ళీ అనుమానం వచ్చి కొలుస్తూ, కొత్త వంతెన కట్టబోయే ఇంజనీరులా ముఖం పెట్టాడు. నా కుడిభుజం సలపడం మొదలుపెట్టింది. “ఏమండీ, ఈ కుళాయి...” అన్నాను. “కదపొద్దన్నానా!” అన్నాడు. నేను కదిపింది నోరే. సరేలెమ్మని అదీ మూసుకున్నాను.

నేను చెప్పబోయిందల్లా ఒక్కటే. ఆ కుళాయిలో నీళ్ళు రావు.

మేడ మీద బాత్‌రూమ్ కట్టించినప్పుడు ప్లంబరు ఆ పైపుని పైకి తిప్పేసి, ఈ కుళాయికి వచ్చే దారికి బిరడా కొట్టేశాడు. ఆ రోజు సెలవు పెట్టి పని దగ్గర నిలబడింది నేనే. సాయంత్రం మా ఆయన రాగానే చెప్పాను. “ఊఁ” అన్నాడు. ఆ ఊఁ నాక్కాదు, చేతిలో ఫోనుకి. కొన్నాళ్ళకి మళ్ళీ చెప్తే “చూద్దాంలే” అన్నాడు. మూడోసారి చెప్తే “ప్రతీదీ నా నెత్తిమీదే పెడతావేంటి, ఆ ప్లంబరుకే చెప్పచ్చుగా” అని విసుక్కున్నాడు. ప్లంబరుకి చెప్తే “గోడ పగలగొట్టాలమ్మా, సారునొకమాట అడిగి చెప్పండి” అన్నాడు. సారు దగ్గర మొదలైన మాట సారు దగ్గరికే వచ్చి ఆగింది. కుళాయి మాత్రం గోడకి అలాగే ఉంది, చూడ్డానికి నిక్షేపంగా.

మరి అప్పట్నించీ ప్రతి ఆదివారం కారు ఎలా తళతళలాడుతోందంటారా? అదే చెప్తున్నాను. మా ఆయనకి కారంటే ప్రాణం. “ఇంట్లో ఏ పనైనా ఎవరైనా చెయ్యండి, నా కారు మాత్రం నేనే కడుక్కుంటాను” అంటాడు, వచ్చినవాళ్ళందరి ముందూ. ఆదివారం టీ తాగి, చొక్కా చేతులు మడిచి ముందుకొస్తాడు. అప్పటికి గుమ్మానికి ఎడమపక్కన నిండు బకెట్లు వరసగా ఉంటాయి. పొద్దున్నే సూర్యుడు వచ్చినట్టు అవీ వాటంతటవే వచ్చాయనుకుంటాడో, అసలేమీ అనుకోడో నాకు తెలీదు. ఒక బకెట్టు ఖాళీ అయ్యేసరికి ఇంకోటి వస్తుంది. పెరట్లో కుళాయి దగ్గర పట్టి, ఇంటికీ ప్రహరీకీ మధ్యనున్న ఇరుకు సందులోంచి, పాచి మీద జారకుండా వేళ్ళు బిగించి నడుస్తూ వాటిని మోసుకొచ్చేది నేను. కడగడం అయ్యాక ముందంతా పారిన బురదనీళ్ళు ఊడ్చేది నేను. నూనె మరకల గుడ్డలు ఉతికి ఆరేసేది నేను. పక్కింటావిడ గోడ మీంచి చూసి “మీ ఆయనకెంత ఓపికండీ, ఆదివారం కూడా ఖాళీగా కూర్చోరు” అంటుంది. వరండాలో కుర్చీ వేసుకు కూర్చున్న మా అత్తయ్య “మావాడికి చిన్నప్పట్నించీ అంతే, ఒకళ్ళ మీద ఆధారపడ్డం తెలీదు” అంటుంది. ఆ మాట అంటున్నప్పుడు నేను రెండు చేతుల్తో రెండు బకెట్లు పట్టుకుని ఆవిడ ముందునించే వెళ్తుంటాను.

నేను చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేస్తాను. గాజు గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, సన్నగా కూత వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమంటాను. మా దగ్గరికి నెలలో ఒక్కరైనా ఇల్లాలు మొగుణ్ణి లాక్కొస్తుంది. “ఈయనకి చెవులు పోయాయండీ, నేను చెప్పేదేదీ వినపడదు” అంటుంది. పరీక్ష చేస్తే, చీమ నడిచినా వినపడే చెవులు! ఫలితం చేతికిస్తే ఆవిడ నన్నే అనుమానంగా చూస్తుంది. “మీ మెషిన్ సరిగ్గా పనిచేస్తోందా అమ్మా?” అని అడుగుతుంది. పనిచేస్తోందమ్మా. మెషిన్లో లోపం లేదు, చెవిలోనూ లేదు. ఉన్నచోట పరీక్ష చెయ్యడానికి ఇంకా ఏ మెషినూ రాలేదు. కిందటేడు మా ఆయన్ని కూడా కూర్చోబెట్టి చూశాను. రెండు చెవులూ బంగారం.

అత్తయ్యకి మాత్రం నిజంగానే వినికిడి తగ్గింది. నేనే ఆవిడ చెవికి మెషిన్ పెట్టించాను. మొదటి వారం పెట్టుకుని “అక్కర్లేనివి కూడా వినపడుతున్నాయే” అని సణిగింది. తరవాత అలవాటు పడింది.

భుజం సంగతి వేరు. మా క్లినిక్ పై అంతస్తులో ఫిజియోథెరపీ ఆవిడ ఉంది. ఒకరోజు మధ్యాహ్నం తల దువ్వుకోబోతే నా చెయ్యి చెవి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆవిడ దగ్గరికి వెళ్తే చెయ్యి పట్టి నెమ్మదిగా లేపింది, నేను కెవ్వుమన్నాను. “దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారు, భుజం బిగుసుకుపోయింది. బరువులు మొయ్యకండి. ముఖ్యంగా నీళ్ళ బకెట్లు. ఇలాగే మోస్తూ పోతే మీ చెయ్యి మీకు పనికిరాకుండా పోతుంది” అంది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. “రోజంతా ఒకళ్ళ చెవిలో ఏదో పెట్టి కూర్చోడమేగా నీ ఉద్యోగం, దానికి భుజానికేం పనుంది?” అన్నాడు మా ఆయన. హాస్యానికే అన్నాడు. ఆయన హాస్యాలన్నీ అలాగే ఉంటాయి, నవ్వేది ఆయనొక్కడే. క్లినిక్‌లో అయితే ఊడ్చే ఆవిడ రానిరోజు డాక్టరుగారి చూపు తిన్నగా నా మీదికే వస్తుంది. “కొంచెం మీరు చూసుకోండమ్మా” అంటాడు. నా తరవాత చేరిన టెక్నీషియన్ నా పక్కనే కూర్చుని ఉంటాడు. డాక్టరుగారి మెడ ఎందుకో అటు తిరగదు. ఈ ఫ్రోజెన్ షోల్డరూ అదీ మగవాళ్ళ మెడలకి కూడా వస్తుందేమో, ఎవరైనా పరిశోధన చెయ్యాలి.

అసలీ నీళ్ళ మెషిన్ మాట ఇంట్లో మొదట ఎత్తింది నేను. సందులో పాచి పట్టి, అత్తయ్య ఒకసారి జారబోయి గోడ పట్టుకుని ఆగింది గానీ లేకపోతే తుంటి ఎముక విరిగేది. నేను కూర్చుని బ్రష్షుతో గీకితే రెండు వానలకి మళ్ళీ మొదటికే వచ్చేది. వేగంగా నీళ్ళు చిమ్మి పాచి ఊడగొట్టే మెషిన్ ఉంటుందట, తేలికపాటిది, చక్రాలున్నది, పొడుగు పైపున్నది ఒకటి కొందామండీ అన్నాను. మా ఆయన కళ్ళు వెలిగాయి. “కారుకి బ్రహ్మాండంగా ఉంటుంది!” అన్నాడు. అంతే, అక్కణ్ణించి ఆ మెషిన్ నా చేతిలోంచి జారి మగవాళ్ళ చేతుల్లో పడింది.

ఇక చూడండి. ఒక పూట రెండు పూటలు కాదు. మా ఆయనా, మా ఆడపడుచు మొగుడూ రోజూ వీడియో కాల్. నీళ్ళ ఒత్తిడి నూట ముప్ఫై బార్లా, నూట యాభయ్యా? మోటారులో తీగచుట్టు రాగిదా, అల్యూమినియమా? నాజిల్ నించి నీళ్ళు బద్దలా రావాలా, సూదిలా రావాలా? సూదిలా వస్తే కారు రంగు లేచిపోతుందట. ట్రిగ్గర్ వదలగానే మోటారు దానంతటదే ఆగాలట, లేకపోతే కాలిపోతుందట. నురగ చిమ్మే సీసా వేరే కొనాలట. పెళ్ళిచూపుల్లో నన్ను ఇన్ని ప్రశ్నలు వెయ్యలేదు. వేసినవి కూడా వంట వచ్చా, ఉద్యోగం మానేస్తావా అనే రెండే. పాపం మెషిన్ని మాత్రం పుట్టుపూర్వోత్తరాలతో సహా అడిగారు. నేను టీలు అందిస్తూ ఒకసారి ఫోన్లోకి తొంగిచూసి “ఎంత బరువుంటుంది అన్నయ్యగారూ?” అనడిగాను. ఇద్దరూ పకపకా నవ్వారు. “మోసేది మేం కదమ్మా, నీకెందుకు దిగులు” అన్నాడు ఆయన. వాళ్ళింట్లో అలాంటి మెషిన్ ఉంది. అందుకని ఆడపడుచుని అడిగాను, “వదినా, మీది బాగా పనిచేస్తోందా?” అని. “ఏమో అమ్మాయ్, నన్నెప్పుడూ ముట్టుకోనివ్వలేదు. కడిగాక ఆ పైపులన్నీ తుడిచి, చుట్టి, లోపల పెట్టేది మాత్రం నేనే” అంది. అని, ఎందుకో ఆగి, “మీ అన్నయ్యగారు కారు బాగా కడుగుతారులే” అని కలిపింది, చెప్పకూడనిదేదో చెప్పినట్టు.

“వెనకాల సందుకి కూడా పైపు చేరాలండీ” అని మా ఆయనతో అన్నాను. “సందుకేముంది, బ్రష్షుందిగా! నూట ముప్ఫై బార్ల మెషిన్ని తీసుకెళ్ళి పాచి మీద పెడతామా?” అన్నాడు. ఆ సాయంత్రమే టేపు తెచ్చి నన్ను కుళాయి దగ్గర వంచాడు. ముందు కుళాయికి సరిగ్గా సరిపోయే పైపున్న మెషిన్నే ఎంచాడు. అంగుళం ఎక్కువ లేదు, తక్కువ లేదు. “ఏ వస్తువైనా గుడ్డిగా కొనకూడదు, ఎక్కడ వాడతామో చూసుకుని కొనాలి” అని బావగారికి ఫోన్లో పాఠం చెప్పాడు. ఇన్ని చూసిన మనిషి, చెయ్యి చాచి ఆ కుళాయి పిడి ఒక్కసారి తిప్పి చూడలేదు. చూడాల్సిన అవసరం ఆయనకి ఏనాడూ రాలేదు మరి.

నాలుగోసారి చెప్పి ఉండాల్సింది అంటారేమో. నేనూ ఆ రాత్రంతా అదే ఆలోచించాను. గిన్నెలు కడుగుతూ ఆలోచించాను, పక్కకి తిరిగి పడుకోలేక వెల్లకిలా పడుకుని ఆలోచించాను. నాలుగోసారి చెప్తే ఏమవుతుంది? “ముందే ఏడవచ్చుగా” అంటాడు. ముందే ఏడ్చాను కదా అంటే “ఎప్పుడు?” అంటాడు. ఎప్పుడో నేను తారీఖులతో సహా నిరూపించాలి. తప్పు కుళాయిది కాదు, పెళ్ళాం గొంతుది అవుతుంది. ఈ ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పేది నేను, గ్యాసు అయిపోయిందని చెప్పేది నేను, అత్తయ్య మాత్రల వేళ చెప్పేది నేను, ఆయన అక్క పిల్లల పుట్టినరోజులు చెప్పేది నేను. గుర్తుచెయ్యడం ఒక ఉద్యోగం. దానికి సెలవులేదు, పేరులేదు, గుర్తుచెయ్యకపోతే తిట్లు మాత్రం ఉన్నాయి. ఒళ్ళు మండింది. చీకట్లో పడుకుని ఇంత కోపం నాలో ఎక్కడ దాక్కుందా అనుకున్నాను. ఆ కుళాయిని నాలుగోసారి గుర్తుచెయ్యడం నా పని కాదని తీర్మానించుకున్నాను. నిద్ర పట్టింది.

ఆదివారం పొద్దున మెషిన్ వచ్చింది. బిగించి చూపించడానికి షాపు నించి ఒకతను వచ్చాడు. మా ఆయన పండగలా ఉన్నాడు. “ఇవాళ్టితో నీకు బకెట్ల గొడవ వదిలిపోయింది, పో” అన్నాడు నాతో.

బకెట్ల గొడవ! అంటే ఉందని తెలుసు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆ బకెట్లు ఎవరో మోస్తున్నారనీ, ఆ ఎవరో నేనేననీ ఎక్కడో ఒక మూల తెలుసన్నమాట. తెలియదేమో అనుకున్నన్నాళ్ళూ కొంచెం జాలి ఉండేది. అది కూడా ఆ నిమిషంలో పోయింది. “వదిలిపోయిందండీ” అన్నాను. ఆ పొద్దున నేను బకెట్లు పట్టలేదు.

షాపతను చకచకా పైపులు తగిలించాడు. ఒకటి మెషిన్ నించి కుళాయికి, ఇంకొకటి మెషిన్ నించి చేతిలో పట్టుకునే తుపాకీలాంటి దానికి. పైపు అతికినట్టు సరిపోయింది. “చూశావా కొలత!” అన్నాడు మా ఆయన. అత్తయ్య కుర్చీ ముందుకి లాక్కుంది. గోడ మీద పక్కింటావిడ తల కూడా లేచింది. షాపతను కుళాయి తిప్పాడు. పిడి బిగుసుకుపోయి ఉంది, రెండు చేతుల్తో తిప్పాడు. కుళాయి ఒకసారి దగ్గింది. తుప్పు రంగు పొడీ, దాని వెనకాల రెండు చీమలూ వచ్చాయి. అంతే.

“ట్యాంకులో నీళ్ళు లేవా?” అని అరిచాడు మా ఆయన.

“నిండుగా ఉన్నాయండీ. ఆ కుళాయిలోకి రావు.”

“ఎప్పట్నించి?”

“మేడ మీద బాత్‌రూమ్ కట్టినప్పట్నించి.”

“మరి చెప్పొద్దూ?”

“మూడుసార్లు చెప్పాను.”

“నాకు వినపడలేదే!”

“మీ చెవులు బంగారమండీ. నేనే పరీక్ష చేశాను” అన్నాను.

ఆయన కుళాయి వైపు చూశాడు. ఎడమపక్కన బకెట్లు ఉండే చోటు వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు, సిమెంటు మీద గుండ్రటి మచ్చలు తప్ప. ఏళ్ళ తరబడి బకెట్ల అడుగులు పడి పడి ఏర్పడిన మచ్చలు. ఒక్క క్షణం ఆయన ముఖంలో ఏదో కదిలింది. ఇప్పుడు అర్థమవుతుంది, ఇదిగో అయింది, అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ ఒక్క క్షణం ఆయన మీద ప్రేమ కూడా కలిగింది. అంతలో షాపతను అడ్డుపడ్డాడు.

“పర్లేదు సార్. ఈ మోడల్ బకెట్లోంచి కూడా నీళ్ళు లాక్కుంటుంది.”

“అదీ! నమ్మకమైన మెషిన్ అంటే అదీ!” మా ఆయన ముఖం విప్పారింది. నా వైపు తిరిగాడు. “రెండు బకెట్లు పట్రా.”

“రెండు ఏ మూలకి సార్” అన్నాడు షాపతను. “నిమిషానికి ఏడు లీటర్లు లాగుతుంది. బకెట్టు మూడు నిమిషాలు కూడా రాదు. ఎవరో ఒకరు వరసగా తెచ్చి పోస్తూ ఉండాలి. గాలి లాగిందంటే మోటారు పాడవుతుంది.”

“దానికేముంది, నువ్వు పోస్తూ ఉండు” అన్నాడు మా ఆయన నాతో. అప్పటికే తుపాకీ చేతిలోకి తీసుకుని కారు వైపు గురిపెట్టి ఉన్నాడు.

అంత వెతికి, అంతమందిని అడిగి, రాగి తీగ దాకా తరచి చూసి, చివరికి ఈ ఇంటికి తెచ్చింది నేను మోసేదానికంటే వేగంగా నీళ్ళు తాగేదాన్ని. ఇదివరకు మగ్గుతో పోసుకుంటూ కడిగేవాడు కాబట్టి మధ్యలో ఊపిరి తీసుకోడానికైనా ఉండేది. ఇప్పుడు ఈ మెషిన్ ఆగదు, దాని మోటారు పాడవకూడదు కాబట్టి నేనూ ఆగకూడదు. దాని మోటారుకి గ్యారంటీ ఉంది. నా భుజానికి లేదు.

నేను వరండాలోకి వెళ్ళి అత్తయ్య పక్కన ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. ఆ కుర్చీలో ఆదివారం పూట కూర్చోడం అదే మొదటిసారి. అక్కణ్ణించి చూస్తే మా ఇంటి ముందు భాగం బాగుంటుంది.

“ఏంటి కూర్చున్నావ్?” అన్నాడు.

“నేను నీళ్ళు పొయ్యను.”

“భుజం నొప్పా?”

“భుజం కూడా.”

“మరి కారో?”

“మీ కారు మీరే కడుక్కుంటారు కదండీ.”

షాపతను వాచీ చూసుకుని, ఇంకో ఇంటికి వెళ్ళాలన్నట్టు సంచీ సర్దుకున్నాడు. పక్కింటావిడ తల గోడ వెనక్కి దిగింది గానీ పూర్తిగా దిగలేదు. అప్పుడు నా పక్కన కుర్చీ కిర్రుమంది. “ఉండరా, నేను పోస్తాలే. పిల్ల భుజం బాలేదంటోందిగా” అంటూ అత్తయ్య రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి లేవబోతోంది.

దీని గురించి నేను ఆలోచించలేదు. నేను దించితే బకెట్టు నేల మీద ఉండదు. ఇంట్లో ఇంకో ఆడదాని చేతిలోకి వెళ్తుంది. నేను రాకముందు ఈ ఇంట్లో మామయ్యగారి స్కూటరు ఉండేదట. “ఆయన స్కూటరు అద్దంలా ఉంచుకునేవారు, తనే కడుక్కునేవారు” అని అత్తయ్య ఎన్నిసార్లు చెప్పిందో. లేవబోతూ ముందుకి వంగిన ఆవిడని పక్కనించి చూశాను. ఆవిడ కుడిభుజం ఎడమదాని కన్నా కిందికి ఉంటుంది. ఎప్పుడూ అలాగే ఉంటుంది. ఎందుకా అని ఇన్నేళ్ళలో ఒక్కసారి అడగలేదు నేను.

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. “కూర్చోండి అత్తయ్యా” అన్నాను. అరిచి అనలేదు, మెల్లిగానే అన్నాను.

ఆవిడ నా చెయ్యి వైపు చూసింది, నా భుజం వైపు చూసింది, కారు దగ్గరున్న కొడుకు వైపు చూసింది. చాలాసేపు చూసింది. తరవాత కూర్చుంది. కూర్చుని, కొంగుతో మోకాళ్ళు దులుపుకుంది, అక్కడ దుమ్మేం లేకపోయినా.

మా ఆయన తుపాకీని కారు బానెట్ మీద పెట్టి, ఎవరి మీదో తెలియని కోపంతో పంట్లాం మడిచాడు. “నేనే తెచ్చుకుంటాను, అదేం బ్రహ్మవిద్యా!” అని సందులోకి వెళ్ళాడు. “పాచి ఉంటుంది, చూసుకు నడవండి” అన్నాను. వినపడిందో లేదో. జర్రుమన్న చప్పుడూ, గోడకి చెయ్యి కొట్టుకున్న చప్పుడూ వినిపించాయి. ఇంకాసేపటికి పెరట్లో ఏవో డబ్బాలు దొర్లాయి. రేకు తలుపు తీశాడు, వేశాడు, మళ్ళీ తీశాడు.

“ఏమోయ్! బకెట్లెక్కడుంటాయి?”

జవాబు నా నాలిక చివరికి వచ్చేసింది. అలవాటు అలాంటిది. పళ్ళు కరిచిపట్టి కూర్చున్నాను.

“నిన్నే! బకెట్లెక్కడ పెట్టావ్?”

షాపతను నా వైపు చూశాడు. నేను పూలకుండీల వైపు చూశాను.

“అమ్మా! నువ్వైనా చెప్పవే, బకెట్లెక్కడుంటాయి?”

అత్తయ్యకి తెలుసు. నాకంటే ముందునించీ తెలుసు. ఆవిడ చెయ్యి నెమ్మదిగా లేచి చెవి దగ్గరికి వెళ్ళింది. మెషిన్ ఊడదీసి, గుప్పిట్లో పెట్టుకుని, గుప్పిట మూసి ఒళ్ళో పెట్టుకుంది.

“నాకేం వినపడ్డం లేదే అమ్మాయ్” అంది.